హోమ్‌లో ఉన్న పెద్దవాళ్ల మందులపై డాక్టరు పర్యవేక్షణ: విశాఖ కుటుంబాలకీ, హోమ్ నడిపేవాళ్లకీ సమగ్ర మార్గదర్శి

పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉండి, అమ్మనో నాన్ననో మధురవాడ వైపో పెందుర్తి వైపో ఒక ఓల్డ్ ఏజ్ హోమ్‌లో చేర్చిన కుటుంబాలు మన విశాఖలో చాలానే ఉన్నాయి. చేర్చేముందు గది చూస్తాం, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉందా అని చూస్తాం, భోజనం రుచి చూస్తాం. మందుల సంగతి అడిగితే "సిస్టర్ ఉన్నారండీ, టైముకి ఇచ్చేస్తారు" అంటారు, మనకీ ధైర్యం వచ్చేస్తుంది. కానీ టైముకి ఇవ్వడం సగం పనే. ఆ మందు ఇవ్వమని ఏ డాక్టరు చెప్పారు, ఎందుకు చెప్పారు, ఇంకా ఇవ్వాలా వద్దా అని మళ్లీ ఎప్పుడు చూస్తారు అన్న మూడు ప్రశ్నలకి ప్రతి మాత్రకీ జవాబు ఉండాలి. ఈ గైడ్ మొత్తం ఆ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

నర్సింగ్ పనిలో ఉండి హోమ్‌లలో మందుల చార్టులు చూస్తూ ఉంటాను కాబట్టి చెప్తున్నా. ఇబ్బంది ఎక్కువగా చెడ్డ డాక్టర్ల వల్లో, నిర్లక్ష్యపు సిస్టర్ల వల్లో రాదు. గుండె డాక్టరు ఒక చీటీ రాస్తారు, షుగర్ డాక్టరు ఇంకోటి, మోకాళ్లకి ఆర్థోపెడిక్ డాక్టరు ఇంకోటి, నిద్ర పట్టట్లేదంటే న్యూరో డాక్టరు ఒకటి. ఎవరి చీటీ వాళ్లకి కరెక్టే. అవన్నీ వెళ్లేది ఒక్క ఒంట్లోకే, ఆ మొత్తాన్ని కూర్చుని ఒకసారి చూసే మనిషి మాత్రం ఎవరూ ఉండరు. కొత్త మందు చేర్చేవాళ్లు నలుగురు ఉంటారు, పాతది తీసేసే బాధ్యత ఎవరికీ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల జరిగే హాని తగ్గించాలని ఒక పెద్ద కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు ముఖ్యంగా పట్టుకున్న మూడు విషయాల్లో ఒకటి ఎక్కువ మందులు ఒకేసారి వాడటం, ఇంకోటి మనిషి ఒక చోటు నుంచి ఇంకో చోటుకి మారడం. హోమ్‌లో ఉండే పెద్దవాళ్లకి రెండూ వర్తిస్తాయి.

ముందే ఒక మాట. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపొద్దు, డోసు తగ్గించొద్దు. కొన్ని మందులు హఠాత్తుగా ఆపితే వాడటం కన్నా ఎక్కువ ప్రమాదం.

మొదటి అడుగు: మొత్తానికి బాధ్యత వహించే డాక్టరు ఒక్కరే ఉండాలి

స్పెషలిస్టులు ఎంతమందైనా ఉండొచ్చు. ఆరిలోవ హెల్త్ సిటీలో ఒకరు, మహారాణిపేటలో ఒకరు, కేజీహెచ్‌లో ఒకరు చూస్తున్నా సరే, అన్ని చీటీలూ చివరికి ఒక్క డాక్టరు టేబుల్ మీదకి రావాలి. మంచి ఫ్యామిలీ డాక్టరో, జనరల్ మెడిసిన్ ఎండీయో సరిపోతారు. వృద్ధుల వైద్యంలో ప్రత్యేకంగా చదివినవాళ్లు దొరికితే ఇంకా మంచిది. ఆయన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోన్ నంబరు ఫైలు మొదటి పేజీలో ఉండాలి. "మా హోమ్‌కి డాక్టరుగారు వస్తుంటారండీ" అంటే కుదరదు. ఎవరు వస్తారు, ఎన్నాళ్లకోసారి వస్తారు, ఊళ్లో లేనప్పుడు ఆయన బదులు ఎవరు, రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు, ఎత్తకపోతే ఎంతసేపు చూసి 108కి చేయాలి, ఏ ఆస్పత్రికి తీసుకెళ్లాలి, ఇవన్నీ చేర్చే రోజే కాగితం మీద రాయించుకోండి.

ఎన్నాళ్లకోసారి రావాలి అనడానికి ఒక కొలమానం కావాలంటే అమెరికా నర్సింగ్ హోమ్ నిబంధనలు చూడండి (అక్కడ నర్సింగ్ హోమ్ అంటే చిన్న ఆస్పత్రి కాదు, పెద్దవాళ్లు ఉండి సంరక్షణ పొందే చోటు). అక్కడ ఫెడరల్ రూల్ ప్రకారం చేరిన మొదటి 90 రోజుల్లో కనీసం 30 రోజులకోసారి, ఆ తర్వాత కనీసం 60 రోజులకోసారి డాక్టరు మనిషిని చూడాలి. అది కాక నెలకోసారి ఫార్మసిస్టు ప్రతి ఒక్కరి మందులన్నీ పరిశీలించి తేడా ఉంటే రాసివ్వాలి, డాక్టరు దానికి ఒప్పుకుంటున్నారో లేదో, ఒప్పుకోకపోతే ఎందుకో ఫైల్లో రాయాలి. ఆ రూల్ మన హోమ్‌లకి వర్తించదు. అయినా మనం పెట్టుకోగలిగిన పద్ధతే అది. మొదటి మూడు నెలలు నెలకోసారి, తర్వాత రెండు నెలలకోసారి. విజిట్ ఫీజు ఎవరిస్తారన్నది కుటుంబం, హోమ్ ముందే మాట్లాడుకోండి. ఆ ఒక్క విషయం తేలకపోవడం వల్లే చాలాచోట్ల డాక్టరు రావడం వాయిదా పడుతూ ఉంటుంది.

రెండో అడుగు: కవరు బోర్లించి అసలు లిస్టు తయారు చేయండి

హోమ్‌కి వచ్చిన రోజు మామ్మగారి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. దాన్ని టేబుల్ మీద బోర్లించండి. కత్తెరతో కత్తిరించిన స్ట్రిప్పులు, పేరున్న వైపు పోయి వెనక రేకు మాత్రమే మిగిలినవి, ఎక్స్‌పైరీ తేదీ కత్తిరింపులో వెళ్లిపోయినవి, ఒకే మందు రెండు కంపెనీలది, సగానికి విరిచి మళ్లీ రేకులో చుట్టిపెట్టిన బిళ్ల, ఎవరో చెప్తే కొన్న చూర్ణం డబ్బా, కంటి చుక్కలు, మోకాలికి రాసుకునే ట్యూబు, పక్కింటావిడ ఇచ్చిన "గ్యాస్ మాత్ర". ఇవన్నీ లిస్టులోకి రావాలి. చుక్కలు, చూర్ణాలు కూడా మందులే. పెద్దవాళ్లు వాటిని మందులుగా లెక్కపెట్టరు కాబట్టి "ఇంకేమైనా వేసుకుంటారా అమ్మా" అంటే "ఏం లేదమ్మా" అంటారు. "కడుపు ఉబ్బరంగా ఉంటే ఏం వేసుకుంటారు? నిద్ర పట్టకపోతే? విరేచనం కాకపోతే?" అని విడివిడిగా అడిగితే ఒక్కోటీ బయటికొస్తుంది.

లిస్టులో బ్రాండు పేరు పక్కన మందు అసలు పేరు తప్పకుండా రాయండి. బ్రాండు పేర్లు ఎలా ముంచుతాయో చూడండి. గ్లైకోమెట్ అంటే మెట్‌ఫార్మిన్ ఒక్కటే, గ్లైకోమెట్ జీపీ అంటే దాంట్లో గ్లిమిపిరైడ్ కూడా ఉంటుంది, అది షుగర్‌ని బాగా కిందకి లాగే మందు. బీపీ మాత్ర టెల్మా 40లో టెల్మిసార్టన్ ఒక్కటే, టెల్మా హెచ్‌లో నీరు తీసే మందు కూడా, టెల్మా ఏఎంలో అమ్లోడిపిన్ అనే ఇంకో బీపీ మందు కూడా ఉంటాయి. ఎకోస్ప్రిన్ ఏవీలో యాస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్ మందు అటోర్వాస్టాటిన్ ఉంటుంది. అది తెలియక పక్కనే వేరే బ్రాండు అటోర్వాస్టాటిన్ కూడా రాసి ఉంటే ఆ మనిషికి రోజూ డబుల్ డోసు పడుతుంది, ఎవరికీ తెలియదు. డాక్టర్లు మందుల జెనరిక్ పేర్లు స్పష్టంగా, వీలైతే క్యాపిటల్ అక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే నిబంధన తెచ్చింది. అందుకని "సార్, అసలు పేరు కూడా రాయండి" అని అడగడానికి మొహమాటపడాల్సిన పని లేదు.

ఈ లిస్టు పక్కన అలర్జీలు, బరువు, ఈ మధ్య చేయించిన క్రియాటినిన్ కూడా రాయండి. కిడ్నీ పనితీరు తెలియకుండా పెద్దవాళ్లకి డోసు నిర్ణయించడం కష్టం. క్రియాటినిన్ చూడటానికి నార్మల్‌గానే ఉన్నా, సన్నగా చిక్కిపోయిన మనిషిలో కిడ్నీ పనితీరు తక్కువగా ఉండొచ్చు కాబట్టి ల్యాబ్ రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె) కూడా అడగండి. అది 30 కన్నా తగ్గితే మెట్‌ఫార్మిన్ వాడకూడదు. ఆ సంగతి షుగర్ డాక్టరుకి తెలుసు, కానీ రిపోర్టు ఆయన దాకా వెళ్తేనే కదా.

మూడో అడుగు: ఆర్డరు అంటే పూర్తి ఆర్డరే

"బీపీ మాత్ర రోజూ" అన్నది ఆర్డరు కాదు. పూర్తి ఆర్డరు ఇలా ఉంటుంది:

*టెల్మిసార్టన్ 40 మి.గ్రా. మాత్ర, ఒకటి, నోటి ద్వారా, రోజూ పొద్దున టిఫిన్ తర్వాత. బీపీ కోసం. పై బీపీ 100 కన్నా తక్కువుంటే ఇవ్వకుండా ఫోన్ చేయాలి. మళ్లీ చూడాల్సిన తేదీ. డాక్టరు సంతకం, తేదీ.*

ఇందులో "బీపీ కోసం" అన్న రెండు మాటలే చాలా చీటీల్లో కనిపించవు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనవీ అవే. ఎందుకు వాడుతున్నామో రాసి ఉంటే ఆ అవసరం తీరిన రోజున మందు ఆపడం కుదురుతుంది. లేకపోతే ఆస్పత్రిలో నాలుగు రోజుల కోసం మొదలైన గ్యాస్ మాత్ర నాలుగేళ్లయినా నడుస్తూనే ఉంటుంది. ఏ అంకె దగ్గర ఆపి ఫోన్ చేయాలి అన్నది మనిషిని బట్టి మారుతుంది, డాక్టరే రాయాలి.

"అవసరమైతే ఇవ్వండి" అన్న ఆర్డర్ల మీద ఇంకా గట్టిగా ఉండాలి. ఏం జరిగితే అవసరం, ఎంత ఇవ్వాలి, మళ్లీ ఎన్ని గంటల దాకా ఇవ్వకూడదు, రోజుకి ఎన్నిటికి మించకూడదు, ఈ నాలుగూ లేకపోతే ఆ నిర్ణయం రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న కేర్ టేకర్ మీద పడుతుంది. నిద్రకీ, గొడవ చేయకుండా ఉండటానికీ ఇచ్చే మందులైతే మరీ జాగ్రత్త. అమెరికాలో ఇలాంటి "అవసరమైతే" ఆర్డరుకి 14 రోజులే గడువు. మనసు మీద పనిచేసే మందుల్లో యాంటీసైకోటిక్స్ అయితే డాక్టరు స్వయంగా మనిషిని చూడకుండా మళ్లీ పొడిగించకూడదు. ఆ 14 రోజుల పద్ధతి మన హోమ్ కూడా పెట్టుకోవచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు.

అంకెలు రాసే తీరులో ప్రాణాలు పోయేంత తప్పులు దొర్లుతాయి. 0.5 అని రాయాలి, సున్నా లేకుండా చుక్క పెట్టి 5 రాస్తే ఆ చుక్క కనపడదు. ఇన్సులిన్‌కి "యూనిట్లు" అని పూర్తిగా రాయాలి, ఇంగ్లిష్ యూ అక్షరం ఒక్కటే పెడితే అది సున్నాలా కనపడి 6 కాస్తా 60 అవుతుంది. మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసే మందు, రోజూ వేస్తే మనిషి చనిపోవచ్చు. దానికి సోమవారమా, మంగళవారమా, ఏ రోజో పేరు రాసి, చార్టులో మిగతా ఆరు రోజుల గళ్లూ ఎర్ర పెన్నుతో కొట్టేయండి.

ఇన్సులిన్ సిరంజి మూత రంగు కూడా చూడండి. మన దగ్గర మామూలు ఇన్సులిన్ సీసాలు చాలావరకు మిల్లీలీటరుకి 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. 100 యూనిట్ల సీసాకి నారింజ మూత సిరంజి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా తీస్తే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు, అంటే రెండున్నర రెట్లు. సీసా మీదా, సిరంజి మీదా ఒకే అంకె ఉందా అని గట్టిగా పైకి చదివి ఇచ్చే అలవాటు చేయండి.

నాలుగో అడుగు: ఫోన్ ఆర్డర్లకి ఒక పద్ధతి

ప్రతిదానికీ డాక్టరు రాలేరు, ఫోన్ తప్పదు. ఫోన్‌లో విన్నది అలాగే నోట్ చేసి, తిరిగి చదివి వినిపించి, ఆయన "కరెక్ట్" అన్నాకే ఆర్డరు అవుతుంది. ఇలా:

"సార్ నమస్తే, హోమ్ నుంచి సిస్టర్‌ని. ఆరో నంబరు గదిలో మామ్మగారు, 82 ఏళ్లు. పొద్దున్నుంచి లేస్తే కళ్లు తిరుగుతున్నాయంటున్నారు. పడుకున్నప్పుడు బీపీ 124/76, లేచి నిలబడ్డాక 96/60. షుగర్ 138. నిన్నట్నుంచి రెండు విరేచనాలు అయ్యాయి. టెల్మిసార్టన్ 40, అమ్లోడిపిన్ 5 నడుస్తున్నాయి సార్."

"టెల్మిసార్టన్ రేపట్నుంచి ఆపండి. మూడు రోజులు రెండు పూటలా బీపీ చూసి చెప్పండి. మజ్జిగ, ఓఆర్ఎస్ పట్టించండి."

"టెల్మిసార్టన్, నాలుగు సున్నా, 40 మిల్లీగ్రాములు, రేపు పొద్దుటి డోసు నుంచి ఆపాలి. మూడు రోజులు రెండు పూటలా బీపీ. అమ్లోడిపిన్ అలాగే ఇవ్వాలా సార్?"

"ఆ, అది ఉంచండి."

చివర్లో సిస్టర్ అడిగిన ఆ ప్రశ్నే పర్యవేక్షణ అంటే. నాలుగు, సున్నా అని అంకెల్ని విడగొట్టి చెప్పడం కూడా కావాలనే, ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. కాల్ అయ్యాక టైము, తేదీ, డాక్టరు పేరు, విన్నవాళ్ల పేరు రాసి, వీలైతే పక్కన ఇంకొకరు కూడా విని సంతకం పెట్టాలి. ఆ ఆర్డరుని వాట్సాప్‌లో డాక్టరుకి పంపి "ఓకే" తెప్పించుకోండి, తర్వాతి విజిట్‌లో రిజిస్టర్‌లో సంతకం తీసుకోండి. సంతకం లేని ఫోన్ ఆర్డరు రెండో విజిట్ దాకా వెళ్లకూడదు అన్నది ఇంటి రూల్‌గా పెట్టుకోండి.

2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రిజిస్టరైన డాక్టరు ఫోన్‌లోనో వీడియోలోనో చూసి మందులు రాయడం చట్టబద్ధమే, కానీ ఏ మందు ఎలాంటి కాల్‌లో రాయొచ్చో దానికి హద్దులున్నాయి. షెడ్యూల్ ఎక్స్ (చట్టం గట్టి నియంత్రణలో ఉంచిన జాబితా) మందుల్లాంటివి అలా రాయకూడదు. ఆల్ప్రజోలం, డయజపం, జోల్పిడెం, ట్రమడాల్ లాంటివి షెడ్యూల్ హెచ్1, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితా కిందికి వస్తాయి. మెడికల్ షాపువాళ్లు డాక్టరు పేరు, పేషెంటు పేరు రాసి ఆ రికార్డు మూడేళ్లు ఉంచాలి. కాబట్టి "తెలిసిన షాపే, చీటీ లేకుండా ఇచ్చేస్తారు" అని గర్వంగా చెప్పే హోమ్ అయితే మీరు జాగ్రత్త పడండి.

ఐదో అడుగు: ఇచ్చిన ప్రతి డోసూ అప్పుడే రాయడం

దీని గురించి ఎక్కువ చెప్పను. మందు మింగాక సంతకం, ముందు కాదు. వద్దన్నారంటే వద్దన్నారని, ఉమ్మేశారంటే ఉమ్మేశారని రాయాలి, ఖాళీ గడి ఉండకూడదు. మూడు పూటలు వరసగా వద్దంటే డాక్టరుకి ఫోన్. మింగలేకపోతున్నారని పొడి చేసి అరటిపండులో పెట్టి ఇచ్చేముందు కచ్చితంగా అడగండి. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, ఈఆర్, సీఆర్ ఉన్నవి నెమ్మదిగా కరిగేలా చేసిన మాత్రలు, దంచితే రోజంతటి డోసూ ఒక్కసారి ఒంట్లోకి వస్తుంది. థైరాయిడ్ మాత్ర పరగడుపున, క్యాల్షియం, ఐరన్ మాత్రలకి కనీసం నాలుగు గంటల ఎడంతో వేయాలి. మూడూ కలిపి పొద్దున్నే ఇచ్చేస్తే థైరాయిడ్ మందు సరిగ్గా ఒంటపట్టదు, డాక్టరేమో పని చేయట్లేదని డోసు పెంచుతారు.

ఆరో అడుగు: మొత్తం మందుల సమీక్ష

డాక్టరు హోమ్‌కి వచ్చి అందర్నీ పలకరించి, పల్స్ పట్టుకుని, "అంతా బానే ఉంది, అవే మందులు కంటిన్యూ చేయండి" అని వెళ్లిపోతే అది సమీక్ష కాదు. అలా జరగడంలో డాక్టరు తప్పే ఉండదు చాలాసార్లు, మనం ఆయన ముందు ఏమీ పెట్టం. ముందురోజే ఒక పేజీ తయారు చేయండి. నెల రోజుల బీపీ, షుగర్ రాతలు, బరువు తేడా, పడిపోయారా, కింద కూలబడ్డారా, పగటిపూట మగతగా ఉంటున్నారా, విరేచనం ఎలా ఉంది, తిండి తగ్గిందా, మాటలో తికమక వచ్చిందా, "అవసరమైతే" మందులు ఎన్నిసార్లు ఇచ్చారు. బీపీ పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టాక ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే అది పడిపోవడానికి ముందు వచ్చే హెచ్చరిక.

సమీక్షలో డాక్టరు దృష్టికి తేవాల్సిన పెద్ద విషయం ఇంకోటి ఉంది. ఒక మందు వల్ల వచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకో మందు రాయడం. ఇది చాలా మామూలుగా జరిగిపోతుంది. బీపీకి వేసే అమ్లోడిపిన్ వల్ల కొందరికి పాదాలు వాస్తాయి. కాళ్లకి నీరు వచ్చిందని నీరు తీసే లాసిక్స్ మొదలవుతుంది. దాంతో రాత్రి మూడుసార్లు యూరిన్‌కి లేస్తారు, నిద్ర చెడుతుంది, నిద్ర మాత్ర వస్తుంది. ఆ మగతలో నాలుగోసారి లేచినప్పుడు బాత్‌రూమ్ గడప దగ్గర పడి తుంటి ఎముక విరుగుతుంది. ఇన్ని జరిగాక కూడా ఎవరూ మొదటి మాత్ర వైపు చూడరు. ఇలాంటిదే ఇంకోటి, కళ్లు తిరుగుతున్నాయని ఇచ్చే సినరిజిన్ నెలల తరబడి నడిస్తే చేతులు వణకడం, అడుగులు చిన్నవవడం మొదలవుతుంది, దాన్ని పార్కిన్సన్స్ అనుకుని దానికి మందు వేస్తారు. అందుకే కొత్త లక్షణం ఏది వచ్చినా సిస్టర్ అడగాల్సిన మొదటి ప్రశ్న: "సార్, ఇప్పుడు నడుస్తున్న మందుల్లో దేనివల్లయినా ఇది రావొచ్చా?"

1991లో డాక్టర్ మార్క్ బీర్స్, ఆయన సహచరులు అమెరికాలో నర్సింగ్ హోమ్ వృద్ధుల కోసమే వీలైనంత వాడకూడని మందుల జాబితా ఒకటి తయారు చేశారు. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ దాన్ని సవరిస్తూ వస్తోంది, 2023లోనూ సవరించింది. మన హోమ్‌లలో ఎక్కువగా కనపడేవి అందులో చాలానే ఉన్నాయి. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకిచ్చే ఆల్ప్రజోలం, క్లోనజపం, షుగర్‌కి గ్లిబెన్‌క్లమైడ్, అలవాటుగా నడిచే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. నొప్పి మాత్ర ఒక్కటే కాకుండా టెల్మిసార్టన్, నీరు తీసే మందు కూడా నడుస్తుంటే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది. అందులోనూ విశాఖ మే నెల ఉక్కపోతలో నీళ్లు సరిగా తాగని మనిషికి ఇంకా ఎక్కువ. లిస్టులో పేరున్నంత మాత్రాన మందు ఆపేయాలని కాదు, "ఇది ఈ మనిషికి ఇంకా అవసరమేనా" అని డాక్టరు ఆలోచించి రాయాలని. నిద్ర మాత్రలు ఏళ్ల తరబడి వేసుకున్నవాళ్లకి వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గించాలి, ఒక్కసారి ఆపితే ఫిట్స్ కూడా రావొచ్చు.

మతిమరుపు ఉన్నవాళ్ల గురించి మాత్రం నేను మెత్తగా మాట్లాడలేను. సాయంత్రం అయ్యేసరికి "ఇంటికి వెళ్తా" అని గేటు దగ్గరికి నడిచే తాతగారికి క్వెటియాపిన్‌ లేదా రిస్పెరిడోన్‌ వేసి కుర్చీలో కూర్చోబెట్టడం తేలిక. మతిమరుపు ఉన్న వృద్ధుల్లో ఈ రకం మందులు (యాంటీసైకోటిక్స్) మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే తీవ్ర హెచ్చరిక పెట్టింది. ఒక్కోసారి నిజంగానే అవసరం పడతాయి, తనకో ఎదుటివాళ్లకో దెబ్బ తగిలే పరిస్థితి ఉన్నప్పుడు. కానీ అంతకుముందు నొప్పి ఉందా, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉందా, విరేచనం ఆగిందా, చెవి మిషన్ బ్యాటరీ అయిపోయిందా అన్నవి చూసి రాయాలి. కుటుంబానికి చెప్పాలి. మొదలుపెట్టిన రోజే ఎప్పుడు తగ్గించి చూస్తారో తేదీ వేయాలి. సిబ్బంది తక్కువగా ఉన్నారన్నది ఆ మందుకి కారణం కాకూడదు.

షుగర్ విషయంలోనూ కుటుంబాలు ఒకటి అర్థం చేసుకోవాలి. నలభై ఏళ్ల మనిషికి పెట్టే టార్గెట్ ఎనభై ఏళ్ల బలహీనమైన మనిషికి పెట్టకూడదు. చాలా జబ్బులున్న వృద్ధుల్లో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8 లోపు ఉంటే చాలని డయాబెటిస్ నిపుణుల మార్గదర్శకాలే చెప్తున్నాయి. "నాన్నకి 7.6 ఉంది, మాత్ర పెంచండి" అని అమెరికా నుంచి కొడుకు ఒత్తిడి చేస్తే, రాత్రి 2 గంటలకి షుగర్ 50కి పడిపోయి పలకని నాన్నని చూసుకోవాల్సింది ఇక్కడి సిస్టర్.

ఏడో అడుగు: ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన రోజు

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు జరిగే రోజు ఇదే. డిశ్చార్జి సమ్మరీలో కొత్త మందులు రాసి ఉంటాయి, పాతవాటిలో ఏవి ఆపాలో ఉండదు. దాంతో హోమ్‌లో పాతవీ కొత్తవీ రెండూ నడుస్తాయి, లేదా పాతవన్నీ ఆగిపోయి థైరాయిడ్ మాత్ర నెల రోజుల తర్వాత గుర్తొస్తుంది. వచ్చిన రోజే పాత లిస్టు, కొత్త సమ్మరీ పక్కపక్కన పెట్టి ఒక్కో మందుకీ ఎదురుగా "కొనసాగించాలి, మార్చాలి, ఆపాలి" అని రాసి, బాధ్యత వహించే డాక్టరుకి ఆ రాత్రి డోసు లోపలే ఫోన్ చేయాలి. యాంటీబయాటిక్ ఏ తేదీతో అయిపోతుందో రాయాలి. రక్తం పలచబరిచే ఎసిట్రామ్, వార్ఫరిన్ లాంటివి ఉంటే రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష మళ్లీ ఏ రోజో అక్కడే అడగాలి. చాలా యాంటీబయాటిక్స్ వల్ల ఐఎన్ఆర్ పెరిగి రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి అది వాయిదా వేయకూడదు. డిశ్చార్జి చేయించే బిడ్డలు బిల్లు కౌంటరు దగ్గర హడావిడిలో ఉంటారు, నిజమే, అయినా వార్డు దాటేముందు డ్యూటీ డాక్టర్ని "పాత వాటిలో ఏవి ఆపాలి సార్" అని అడిగి సమ్మరీ మీదే రాయించుకోండి.

ఎనిమిదో అడుగు: ఉపవాసాలు, తుఫాన్లు

కార్తీక సోమవారం, ఏకాదశి, శివరాత్రి. షుగర్ మాత్ర వేసుకుని రాత్రి దాకా ఏమీ తినకుండా ఉంటారు, చెప్పరు కూడా. ఉపవాసాల తేదీలు ముందే కనుక్కుని ఆ రోజు డోసు ఎలా మార్చాలో డాక్టరుతో ముందే రాయించండి. వద్దని గదమాయిస్తే దాచిపెట్టి చేస్తారు, అది ఇంకా ప్రమాదం.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, షాపులు లేవు, ఫోన్లు కూడా సరిగ్గా పనిచేయలేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో కనీసం వారానికి సరిపడా మందులు ఎక్కువగా ఉంచండి. ఫ్రిజ్ ఆగిపోతే ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలో ముందే అనుకోండి. వాడుతున్న సీసా మామూలు చల్లని చోట కొన్ని వారాలు ఉంటుంది, కానీ ఐస్‌కి నేరుగా తగిలి గడ్డకడితే పనికిరాదు. మందుల లిస్టు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా ఉండాలి.

కుటుంబం చేయాల్సింది

నెలకోసారి చార్టు ఫొటో పంపమని అడగండి. ఇవ్వడానికి ఇబ్బంది పడితే ఎందుకో అడగండి. కొత్త మందు మొదలైన రోజే మీకు తెలియాలి. మీరు దూరం నుంచి వేరే డాక్టరుకి చూపించి రాయించినా, ఆ చీటీని బాధ్యత వహించే డాక్టరు చూశాకే అమలవ్వాలి. కొడుకు ఒక చీటీ, కూతురు ఒక చీటీ వాట్సాప్‌లో పంపిస్తే సిస్టర్ ఎవరి మాట వినాలి? కుటుంబం తరఫున ఒక్కరే మాట్లాడండి.

మందు వల్ల ఏదైనా చెడు ప్రభావం కనపడితే డాక్టరుకి చెప్పాక, దేశవ్యాప్త మందుల భద్రతా కార్యక్రమం టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కి కూడా తెలియజేయొచ్చు. ఆ పని మామూలు మనుషులు కూడా చేయొచ్చు, డాక్టరే చేయాలని లేదు. హోమ్‌లో పెద్దవాళ్లని సరిగా చూడట్లేదని, మత్తు మందులతో పడుకోబెడుతున్నారని గట్టి అనుమానం ఉంటే, హోమ్ యాజమాన్యంతో మాట్లాడినా మార్పు లేకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి చేయండి, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతారు. చేసేముందు తేదీలు, చార్టు ఫొటోలు, ఏ మందు ఎప్పట్నుంచి నడుస్తోందో ఒక పేజీ మీద రాసి దగ్గర పెట్టుకుంటే మీ ఫిర్యాదు తొందరగా ముందుకి కదులుతుంది.